పైపుకు, ఎమ్మిగనూరు నుంచి

పైపూ,

ఆసుపత్రిలో నర్సమ్మలు నిన్ను ఫోలీ అన్నారు. డాక్టరుగారు క్యాథెటర్ అన్నారు. డిశ్చార్జి కాగితంలో నీ పేరు పక్కన 18 అనే అంకె వేశారు. మా ఆవిడ మాత్రం ఈ ఏడు దినాలుగా నిన్ను "అది" అనే అంటోంది. "అది ఎట్లుంది?", "అది నిండిందేమో చూడు." నేను పైపు అనే పిలుస్తాను. ఈ ఉత్తరం నలుగురూ చదవాలని రాస్తున్నాను కాబట్టి నలుగురూ వాడే మాటే మేలు.

నీ మీద కోపం ఉంది. ముందు అది చెప్పేస్తాను.

హైదరాబాదులో ఆపరేషన్ అయి మత్తు వదులుతుంటే నాకు అన్నిటికంటే ముందు తెలిసింది నువ్వే. ఒంటికి పోవాలని ఒకటే తొందర. "అమ్మా, లేపండి, ఒంటికి పోవాల" అని నర్సమ్మను బతిమాలాను. "పైపుంది పెద్దాయనా, దానంతటదే పోతాంటాది. మీరు పడుకోండి" అంది. అరవై మూడేళ్ళుగా నా చేతిలో ఉన్న పని నా చేతిలోంచి పోయిందని అప్పుడు అర్థమైంది. నీ లోపలి కొసన నీళ్ళతో ఉబ్బించిన చిన్న బుడగ ఉంటుందట. నువ్వు జారి బయటికి రాకుండా అదే పట్టుకుంటుంది. ఆ బుడగ మూత్రాశయం అడుగున ఆనుకుంటే మూత్రాశయం నిండిందని మోసపోయి, పొమ్మని పోరుపెడుతుంది. పోవడానికి లోపల చుక్క ఉండదు. ఒక్కోసారి పొత్తికడుపు పిడికిలిలా బిగిసి, నీ పక్కనుంచే నాలుగు చుక్కలు కారి పంచె తడుస్తుంది. దానికీ మాత్ర ఇచ్చారు, కొంత తగ్గింది. మొదటిసారి తడిసినప్పుడు కుట్లు విడిపోయాయేమోనని వణికిపోయాను. అట్లా కారడం మామూలేనని ముందే ఒక్కమాట చెప్పి ఉంటే ఆ రాత్రి నేనూ మా ఆవిడా అంత ఏడ్చేవాళ్ళం కాదు.

ఇక రోడ్డు. మూడో దినం ఇంటికి పంపారు. కర్నూలు దాకా కారు నున్నగా వచ్చింది. అక్కణ్ణుంచి కోడుమూరు, గోనెగండ్ల మీదుగా ఎమ్మిగనూరు చేరేదాకా ప్రతి గుంతా నిన్నే లాగింది. నిన్ను తొడకు ప్లాస్టరుతో అంటించినా, ఆ లాగుడు ఎక్కడ తెలియాలో అక్కడే తెలిసింది. మా ఇల్లు ఆదోనిలో. మెట్లు నిటారుగా ఉంటాయి, మరుగుదొడ్డి కింద కూర్చునేది. అందుకని పది దినాలు ఎమ్మిగనూరులో బామ్మర్ది ఇంట్లో ఉండాలని ముందే అనుకున్నాం. ఇక్కడైతే గడప దిగితే వీధి, కమోడు ఉంది, మగ్గం పక్కన గాలి తగిలే గది ఉంది.

పడుకుంటే వెల్లకిలా పడుకోవాలి. పక్కకు తిరగాలంటే ముందు నిన్ను తిప్పి, తర్వాత సంచిని తిప్పి, ఆ తర్వాత నేను తిరగాలి. కూర్చుంటే ఆ కింది చోటంతా వాచి బరువుగా ఉంటుంది. మొదటి రెండు దినాలు భుజాలు కూడా నొప్పి. కడుపు కోస్తే భుజం నొప్పేమిటని అడిగాను. కడుపులోకి గాలి ఎక్కించి ఉబ్బిస్తారు, ఆ గాలి మిగిలి పైనున్న పొరను ఒరుసుకుంటే భుజంలో తెలుస్తుందట. నడిస్తే పోతుందన్నారు. నిజంగానే నడిస్తేనే పోయింది. దొడ్డికి పోవడం ఇంకో భయం. ముక్కితే సంచిలోకి ఎర్రగా దిగుతుంది. ఇసబ్గోలు, నీళ్ళు, అరటిపండు, మెత్తని అన్నం. ఆదోని మనిషికి పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ లేకుండా తెల్లవారదు. ఏడు దినాలుగా నాకు తెల్లవారలేదు.

ఇంత కోపమూ చెప్పుకున్నాక, నువ్వు అక్కడ ఎందుకున్నావో కూడా రాయాలి. అది నాకు డాక్టరు చెప్పినప్పటికంటే బామ్మర్ది అన్నప్పుడే బాగా తెలిసింది.

నాది రోబోతో చేసిన ప్రోస్టేట్ ఆపరేషన్. వచ్చిన దినమే అతను అడిగాడు. "బావా, నిన్ను కోసింది మిషనా, మనిషా?" ఈ అనుమానం చాలామందికి ఉంది. రోబో అంటే అదే ఆలోచించి అదే కోస్తుందనుకుంటారు. కాదు. నా కడుపు మీద ఆరు చిన్న గాట్లున్నాయి. వాటిలోంచి సన్నని పనిముట్లు, ఒక కెమెరా లోపలికి పోయాయి. డాక్టరు అదే గదిలో నాలుగడుగుల అవతల కూర్చుని, లోపలంతా పెద్దగా కనిపించే తెరలోకి చూస్తూ, తన వేళ్ళతో వాటిని ఆడించాడు. ఆయన వేలు కదిలితేనే అది కదులుతుంది. అమెరికాలో ఈ యంత్రానికి 2000లో అనుమతి వచ్చింది. ఆ ఏడే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో బిండర్ అనే డాక్టరు దీనితో మొదటిసారి ప్రోస్టేట్ తీశాడు. తర్వాత డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో మణి మీనన్ అనే మన దేశపు డాక్టరు వందలమందికి చేసి, దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. పుదుచ్చేరి జిప్మర్‌లో చదివినాయన. ఆయన పనికి 2001లో రెండు కోట్ల డాలర్లు ఇచ్చింది రాజ్ వట్టికూటి, పద్మ వట్టికూటి దంపతులు, మన తెలుగువాళ్ళు. అందుకే ఆ విభాగానికి వట్టికూటి అన్న పేరే ఉంది. ఇదంతా బెంగళూరు నుంచి వచ్చిన మా పెద్దోడు చెప్పాడు. వింటుంటే ఆపరేషన్ బల్ల మీద నాతోపాటు మనవాళ్ళెవరో ఉన్నట్టు అనిపించింది. హైదరాబాదు నిమ్స్‌కు, అంటే సర్కారు ఆసుపత్రికి కూడా, 2023లో ఈ యంత్రం వచ్చిందని విని ఇంకా సంతోషపడ్డాను. డబ్బున్నవాడికి మాత్రమే ఉండాల్సింది కాదు ఇది.

ప్రోస్టేట్ పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. మూత్రాశయానికి సరిగ్గా కింద, మూత్రనాళాన్ని చుట్టుకుని. దాన్ని తీసేస్తే నాళం మధ్యలో తెగిపోయినట్టే. పైనున్న మూత్రాశయాన్ని కిందికి దించి, మిగిలిన నాళం మొదలుకు చుట్టూ కుట్టేస్తారు. ఆ కుట్టు మానేదాకా మూత్రం దాన్ని తాకి కారకుండా, పోవాల్సింది నీలోంచి పోతూ ఉండాలి. అతుకు లోపల నువ్వు నిలబడి ఉంటావు.

బామ్మర్ది మగ్గం మనిషి. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో పెట్టిన చేనేత సహకార సంఘంలో వాళ్ళ నాయన సభ్యుడు. ఇంట్లో ఇప్పటికీ ఒక గుంట మగ్గం ఉంది. నా మాట విని కాసేపు ఊరుకుని, "పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగు పోగుకూ అతుకుతాం కదా బావా. ఆ ముళ్ళన్నీ అచ్చు దాటేదాకా దబ్బున లాగరాదు. లాగితే ఒకటి తెగి పది తెగుతాయి. పైపు అందుకేలే" అన్నాడు. ఆ రాత్రి మొదటిసారి నిన్ను తిట్టుకోకుండా నిద్రపోయాను.

నీ పుట్టుక కూడా కనుక్కున్నాను. నీ పేరు మీదున్న ఫ్రెడరిక్ ఫోలీ అమెరికా డాక్టరు. బుడగతో నిలబడే గొట్టాన్ని 1930లలో తయారుచేసి, 1935లో తోటి డాక్టర్లకు చూపించాడు. పేటెంటు మాత్రం ఒక రబ్బరు కంపెనీ మనిషికి పోయింది. పోరాడినా ఫోలీకి దక్కలేదు. కాగితం ఎవరి పేరున ఉన్నా, తొంభై ఏళ్ళుగా లోకమంతా నిన్ను ఆయన పేరుతోనే పిలుస్తోంది. నీ 18 అంకె మందం కొలత. ప్యారిస్‌లో పనిముట్లు చేసిన షారియేర్ పెట్టిన లెక్క. మూడుతో భాగిస్తే మిల్లీమీటర్లు. ఆరు మిల్లీమీటర్లు, అంతే నువ్వు. నేను ఆదోని పత్తి మండీలో ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా లెక్కలు రాసినవాణ్ణి. దూది పింజెను రెండు వేళ్ళ మధ్య లాగి పొడవు చెప్పేవాళ్ళ పక్కన కూర్చున్నవాణ్ణి. ఆరు మిల్లీమీటర్లు ఇంత బరువుంటాయని ఏ లెక్కలోనూ చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఈ ఉత్తరం రాయడం దానికోసమే.

మా నాయన ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి బోరేలు మోసేవాడు. యాభై తొమ్మిదో ఏట నడుము నొప్పి మొదలైంది. మోసే మనిషికి నడుము నొప్పి రాకపోతే ఆశ్చర్యపడాలి గాని, వస్తే ఎవరు అనుమానిస్తారు? తైలాలు, పట్టీలు, కాపడం. ఏడాది తిరిగేసరికి మంచం దిగలేకపోయాడు. అప్పుడు కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోతే ఆపరేషన్ చేశారు. ఏమి ఆపరేషన్ నాయనా అంటే "బుడ్డ" అన్నాడు. మేమూ అందరికీ బుడ్డ ఆపరేషన్ అనే చెప్పుకున్నాం. ఏడాదిన్నర బతికాడు. 1997లో పోయాడు. దినాలయ్యాక ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆసుపత్రి కాగితాలు దొరికాయి. ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకు పాకింది, వృషణాలు తీసివేయడమైనది అని ఉంది. మగ హార్మోను తగ్గిస్తే ఈ క్యాన్సర్ వెనకడుగు వేస్తుందని 1941లో చికాగోలో చార్లెస్ హగ్గిన్స్ చూపించాడు. దానికి ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. మా నాయన నొప్పి కొన్ని నెలలైనా తగ్గింది ఆ ఆపరేషన్ వల్లే. ఆ సంగతి కొడుకుతో చెప్పుకోలేక, ఆ బాధనూ సిగ్గునూ కలిపి ఒక్కడే మోశాడు. బోరేల కంటే బరువైనది అది.

కాగితాలు మళ్ళీ ట్రంకులోనే పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళ కింద బీపీ చూపించుకోవడానికి కర్నూలు పోతే, ఒక చిన్నవయసు డాక్టరు "మీ నాయన దేంతో పోయినారు?" అని అడిగాడు. నా నోరు నన్ను అడగకుండానే, "బుడ్డ ఆపరేషన్ అయినాక" అంది. అతను రాసుకుని ఊరుకున్నాడు. తండ్రికి ఈ జబ్బుంటే కొడుక్కి వచ్చే అవకాశం మామూలు మనిషికంటే దాదాపు రెండింతలని నాకు అప్పుడు తెలియదు. అతనికి తెలుసు. నేను నిజం చెప్పి ఉంటే ఆ దినమే పీఎస్‌ఏ రాసేవాడు. ఒక్క రక్తపరీక్ష. పద్నాలుగు నెలల తర్వాత మళ్ళీ పోయినప్పుడు, మా ఆవిడ పక్కనుండి "మా మామకు ఆడ క్యాన్సరంట సార్" అంది. ఆమెకు ఎప్పుడు తెలిసిందో నేనింకా అడగలేదు. పరీక్షలో 11 వచ్చింది. స్కానింగు, ముక్క పరీక్ష, తర్వాత హైదరాబాదు. గ్రంథి దాటి బయటికి పోయినట్టు స్కానింగులో కనపడలేదన్నారు. తీసిన గ్రంథి రిపోర్టు ఇంకా రావాలి.

ఇంత జరిగాక కూడా, పైపూ, ఎమ్మిగనూరు వచ్చిన మొదటి సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని ఏమని తీర్మానించారో తెలుసా? వచ్చేవాళ్ళకు హెర్నియా ఆపరేషన్ అని చెప్పాలని. నేనూ సరేనన్నాను. నీ సంచిని మంచం కింద గుడ్డసంచిలో పెట్టి, దుప్పటి అంచు కిందికి జార్చారు.

నాలుగో దినం జాతర సందడి మొదలైంది. నీలకంఠేశ్వరస్వామి జాతరంటే ఎమ్మిగనూరులో ప్రతి ఇంటికీ చుట్టాలు వస్తారు. ఆరుగురు ఒక్కసారే పరామర్శకు వచ్చారు. ఇద్దరు మంచం మీదే కూర్చున్నారు. పావుగంటకు పొత్తికడుపులో మొదలైంది. మామూలు పట్టు కాదు, నిండుతోంది. నువ్వు పరుపుకూ మంచం పట్టెకూ మధ్య నలిగి మడతపడ్డావు. నాకు తెలుస్తూనే ఉంది. చెబితే దుప్పటి ఎత్తాలి, ఎత్తితే హెర్నియా కాదని తెలుస్తుంది. చెప్పలేదు. చెమటలు పట్టాయి. "ఏమప్పా, నొప్పా?" అని వాళ్ళు అడుగుతుంటే లేదని తల ఊపాను. అరగంటకు నీ చుట్టూ కారి పరుపు తడిసింది. ఇక ఆగలేక మా ఆవిడను కేకేశాను. ఆమె అందరి ముందే దుప్పటి తీసి, మడత సరిచేసి, సంచిని పైకి తీసింది. గలగలమని ఎర్రగా దిగింది. అది చూసి ఆమె ముఖం పాలిపోయింది. హైదరాబాదుకు ఫోను చేస్తే, రంగు పలచబడుతుందేమో చూడమన్నారు. గడ్డలు పడినా, మళ్ళీ ఆగినా, జ్వరమొచ్చినా వెంటనే రమ్మన్నారు. ఇంకోమాట గట్టిగా చెప్పారు. ఏమైనా సరే, దగ్గర్లో ఎవరితోనూ పైపు తీయించి మళ్ళీ వేయించవద్దు, లోపలి అతుకు చీలిపోతుంది. సాయంత్రానికి రంగు పలచబడింది.

సిగ్గుకోసం ఆ అతుకును పణంగా పెట్టాను. మా నాయన చేసిందే నేనూ చేశాను.

ఆ రాత్రి నా చొక్కా జేబులోని చిన్న పుస్తకం తీసి పద్దు మొదలుపెట్టాను. వేళ, ఎన్ని మిల్లీలీటర్లు, ఏ రంగు. గుమాస్తాకు చేతనైన పని అదే. తెల్లారినాక ఇంట్లో చెప్పాను, ఎవరొచ్చినా ప్రోస్టేట్ క్యాన్సర్, ఆపరేషన్ అయింది, పైపుంది అని చెప్పండని. సంచిని మంచం పక్కన కొక్కేనికి అందరికీ కనపడేటట్టు, నడుముకంటే కిందికి వేలాడదీయించాను. ఎత్తులో పెడితే వెనక్కి మళ్ళి లోపలికి పోతుంది, అందుకే కిందికి.

రథం నాడు వీధి చివరిదాకా నడిచాను. ఒక చేత్తో బామ్మర్ది భుజం, ఇంకో చేత్తో సంచి. దూరంగా జనం తలల మీద రథం కలశం కదులుతోంది. పక్కింటి పిల్లవాడు "తాతా, ఆ సంచిలో ఏముంది?" అన్నాడు. "ఉచ్చరా" అన్నాను. "ఎందుకు?" "లోపల కుట్లేసినారు, మానేదాకా ఇట్లే పోవాల." వాడు ఒక నిమిషం చూసి, "ఓహో" అని రథం వైపు పరుగెత్తాడు. ఇంత తేలికైన మాటను మా ఇంట్లో ముప్పై ఏళ్ళు ట్రంకులో దాచాం.

ఆ ఆరుగురిలో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్బైకి దగ్గర, మగ్గం మీదే నడుం వంగిపోయింది. నిన్న తెల్లవారుజామున ఒక్కడే వచ్చాడు. చాలాసేపు జాతర గురించీ, ఎద్దుల ధరల గురించీ మాట్లాడి, మా ఆవిడ లోపలికి పోయాక గొంతు తగ్గించాడు. రాత్రి ఐదారుసార్లు లేస్తాడట. ధార సన్నగా వస్తుందట. ఏడాది పైనైంది. "అది వయసు వల్ల గ్రంథి పెరగడమే కావచ్చన్నా, ఎక్కువమందికి అంతే. నాకసలు ఏ బాధా లేకుండానే ఇది బయటపడింది. ఏదనేది పరీక్ష చేస్తేగాని తెలియదు" అన్నాను. పంచె అంచు తొలగించి నిన్ను చూపించాను. ఎక్కడిదాకా పోయావో, బుడగ ఎక్కడుందో, ఎన్ని దినాలుంటావో చెప్పాను. ఆయన నిన్ను చూస్తూ "నొప్పా?" అన్నాడు. "ఇబ్బంది. నొప్పి తక్కువ" అన్నాను. అది నిజం.

తర్వాత అందరూ అడగాలనుకునేది అడిగాడు. "మరి... మగతనం?" దానికీ ఉన్నదున్నట్టే చెప్పాను. ఆ నరాలు గ్రంథిని అంటుకునే పోతాయి, ఒక పక్కవి మిగల్చగలిగామని డాక్టరు అన్నాడు, రావడానికి నెలలు పట్టొచ్చు, ఏడాది రెండేళ్ళు పట్టొచ్చు, మునుపటిలా రాకపోనూ వచ్చు. నువ్వు పోయాక కొన్నాళ్ళు ఆపుకోలేక ప్యాడ్లు పెట్టుకోవాలి. మూత్రాన్ని మధ్యలో ఆపుకుంటామే, ఆ కండరాన్ని రోజూ బిగించి వదిలే వ్యాయామం చేయాలి, నువ్వుండగా కాదు, తీశాక. వింటున్నంతసేపూ ఆయన చూపు సంచి మీదే ఉంది. తలుపు దగ్గర నిలబడి మా ఆవిడ కూడా వింటోందని నాకు తర్వాత తెలిసింది. ఆయన పోయాక వచ్చి, సంచి ఖాళీ చేసి, చేయి కడుక్కుని నా పక్కన కూర్చుంది. "దీన్ని నేను తీస్తుంటే మొదట నా చెయ్యి తోసేసినావు" అంది. అంతే అంది. నా చేయి వదల్లేదు.

ఇంకో మూడు దినాల్లో నిన్ను తీసేస్తారు. బుడగలో నీళ్ళు సిరంజితో లాగేస్తే నువ్వు జారి వస్తావట, ఒక్క నిమిషం పని. తీసేటప్పుడు నిన్ను ఒకసారి పూర్తిగా చూడాలని ఉంది. చూపించమని అడుగుతాను.

సాయంత్రం ఆ పెద్దాయన కొడుకు వచ్చాడు. సోమవారం నాయనను కర్నూలు తీసుకుపోతున్నాను, ఏమేమి అడగాల మామా, ఒక కాగితం మీద రాసివ్వు అన్నాడు. రాసిచ్చాను. మొదటి వరుసలో, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండిందా అని ఉంది.

ఇప్పుడు రాత్రి. మా ఆవిడ నిద్రపోతోంది, జాతర మైకు ఆగిపోయింది. పద్దు రాసి ఇది ముగిస్తున్నాను.

ఏడో దినం. రాత్రి 2 గంటల 40 నిమిషాలు. 450 మిల్లీలీటర్లు. రంగు: లేత జొన్నచొప్ప. ఎరుపు లేదు.